స్ప్రింగు కాటా

జులై రెండో వారం పోర్టో నోవో రేవులో
ఓడ దిగారు మా తమ్ముడు అడెరీటో వాళ్లు.
నలుగురు మనుషులు, తొమ్మిది పెట్టెలు.
రోటర్‌డామ్ నుంచి లిస్బన్, లిస్బన్ నుంచి మిందేలో,
అక్కణ్ణుంచి గంటసేపు సముద్రం.
ఆ గంటలోనే చిన్నాడు రెండుసార్లు కక్కుకున్నాడట.
జాలరి మనవడివిరా! అని నవ్వబోయి
వాడి మొహం చూసి మానుకున్నాను.

నా మంచం వాళ్లకిచ్చి
నేను వెనక గదిలో వలల మీద పడుకున్నాను.
(త్యాగమేం కాదు, ఆ మంచం కిర్రుమంటుంది.)
నీళ్లు వారానికి రెండుసార్లే వస్తాయని చెప్పాను.
మరదలు నిల్డా బుద్ధిగా తల ఊపింది,
ఊపిన తలనే రోజూ పొద్దునా సాయంత్రం అంటుకుంది.
పీపా అడుక్కి చెంబు తగిలే చప్పుడు
నాకొక్కదానికే వినబడేది.

నాకు చీజు కోసే తీగ తెచ్చారు,
ఒక వాన కోటు కూడా.
పొంటా దో సోల్‌లో వాన!
చిన్నప్పుడు రేకు మీద పడే చినుకుల్ని
లెక్కపెట్టింది వాడే, వేళ్లు సరిపోయేవి.
ఇప్పుడా కోటు వేసుకునే చేపలు తోముతున్నాను.
పొలుసు అంటదు. మంచిదే.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మాట దొరక్క ఆగిపోతాడు తమ్ముడు,
ఇంకో మెట్టుందనుకుని గాలిలో కాలేసినవాడిలా.
నేను అందించను. వెతుక్కోనీ.
ఒకసారి తెడ్డు అన్న మాట కోసం
చేతులతో గాలిలో తెడ్డు వేశాడు.
పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు,
వాడూ నవ్వాడు,
చేతులు మాత్రం కాస్త ఆలస్యంగా ఆగాయి.

తుదా కొట్టు దగ్గర వీధి వీధంతటికీ చెరుకు సారా పోయించాడు.
పెద్దోడివయ్యావన్నారు వీపు తట్టి.
ఆ రాత్రి ఓడ టికెట్టు వెనక
ఏవో తీసివేతలు రాసుకుంటుంటే చూశాను.
నేనేం అడగలేదు.
నాన్న పడవ ఏమైందని
వాడూ నన్నడగలేదు.

చివరి రోజు నా చేపల కాటాని దూలానికి వేలాడదీశాం.
పెట్టెకి ఇరవై మూడు కిలోలు,
అంతకు మించితే విమానం వాళ్లు ఒప్పుకోరు.
ట్యూనా తగిలించే కొక్కేనికి పెట్టె తగిలించి
అందరం ముల్లు వైపే చూపు.
కాఫీ గింజలు లోపలికి, బూట్లు బయటికి.
మేకపాల చీజు లోపలికి, తువ్వాళ్లు బయటికి.
సారా సీసాని నిల్డా మేజోళ్లలో చుట్టింది,
వాడు తీసేశాడు, ఆమె మళ్లీ చుట్టింది.
బయటపడ్డ బూట్లలో ఒక్కటీ నా కాలికి పట్టలేదు.

పెట్టెలయ్యాక చిన్నాడు ఐల్టన్
రెండు చేతులా కొక్కెం పట్టుకుని వేలాడాడు,
కాళ్లు ముడిచి, కళ్లు మూసి.
ఇరవై ఏడు.
"నాలుగు కిలోలు ఎక్కువున్నావు, ఎక్కనివ్వరు.
ఏం తీసేద్దాం చెప్పు?" అన్నాను.
వాళ్లక్క డచ్చిలో చెప్పింది.
వాడు వేలాడుతూనే ఆలోచించాడు
గిట్టుబాటు చూసుకునే బేరగాడిలా.
తర్వాత ఏదో అన్నాడు.
అక్క నవ్వలేదు.
నిల్డా మూసిన జిప్పు తెరిచి మళ్లీ మూసింది.
"ఏమన్నాడ్రా?"
"ఏం లేదు, పిల్లల మాట" అన్నాడు తమ్ముడు.
ఈసారి మాట దొరక్క కాదు.

మర్నాడు రేవులో చూస్తే
ముల్లు సున్నాకి రావడం లేదు.
ఖాళీ కొక్కేనికి పావు కిలో చూపిస్తోంది.
నూనె వేశాను, తట్టాను, తిట్టాను.
స్ప్రింగు సాగిపోయింది, కొత్తది కొను అంటుంది పక్క గంప డొమింగాస్.
కొంటాను, ట్యూనా బాగా పడే రోజులొస్తే.

అందాకా ప్రతి చేపకీ పావు కిలో తీసేసి చెబుతున్నాను.
తగ్గించి చెప్పే మనిషిని ఎవరు నమ్ముతారు?
ఎందుకు తీసేస్తున్నావని నిలదీస్తారు.
అది చేపది కాదమ్మా, అంటాను.